సుత్తి ఏది కొనాలి? పాత చెక్కలోంచి మేకులు తీసేదెలా?

చిన్నబల్ల:

అందరికీ నమస్కారం. రెండు విషయాలు అడగాలి. ఒకదాంతో ఒకటి ముడిపడి ఉన్నాయని ఒకే చోట అడిగేస్తున్నాను.

ఇంట్లో పాత చెక్క అలమర ఒకటి విప్పాను. పలకలు గట్టిగానే ఉన్నాయి, పురుగు పట్టలేదు. వాటితో పుస్తకాలకి అరలు చేద్దామని ఆశ. సరుకు రవాణాకి వాడే ప్యాలెట్ చెక్కలు కూడా కొన్ని దొరికాయి. తలనొప్పంతా మేకులతోనే. అలమర మేకులు బాగా తుప్పు పట్టాయి. సుత్తి వెనక కొమ్ములు తగిలించి లాగితే మేకు తల ఒక్కటే ఊడి వస్తోంది, ఒళ్లు లోపలే ఉండిపోతోంది. ప్యాలెట్ మేకులైతే అసలు కదలనే కదలవు. వచ్చిన కాసిన్నీ ఊరికే రాలేదు, మేకు పక్కన సుత్తి బుర్ర అచ్చు గుంటలా పడింది. కొన్నిచోట్ల పేళ్లు లేచాయి.

నా దగ్గరున్నది చిన్న సుత్తే, బరువెంతో తెలీదు. పిడి చెక్కది, బుర్ర కాస్త ఊగుతోంది. నీళ్లలో నానబెడితే బిగుస్తుందన్నారు ఒకరు. కొమ్ముల మధ్య సందు వెడల్పు, సన్న మేకు దాంట్లోంచి జారిపోతుంది.

కొత్తది కొనక తప్పదా? కొంటే ఎంత బరువుది, ఏ పిడిది? 20 ఔన్సులది కొంటే మేకులు సులువుగా వస్తాయా? పలకల పైమొహం పాడుకాకుండా తీసే పద్ధతి ఏమైనా ఉంటే అది ముందు చెప్పండి.

గట్టిదెబ్బ:

20 ఔన్సులదే తీసుకో బ్రదర్, ఆలోచించకు. బరువుంటే మేకు రెండు దెబ్బల్లో దిగుతుంది, లాగేటప్పుడూ చేతికి పట్టు ఉంటుంది. పిడి ఫైబర్‌ది చూసుకో. ఎండకి ఎండదు, వానకి ఉబ్బదు, బుర్ర ఊడదు. చెక్క పిడి పాతకాలం ముచ్చట.

పాతచెక్క:

చిన్నబల్ల గారూ, మీరు అడిగిన రెండింటికీ జవాబులు వేరు వేరు. సుత్తిని కొట్టడం కోసం ఎంచుకోవాలి. మేకు లాగేటప్పుడు బుర్ర బరువుతో పనే లేదు. అక్కడ పనిచేసేది పిడి పొడవు, కొమ్ముల వంపు, కింద మీరు పెట్టే ఊతం. ఊతం లేకుండా 20 ఔన్సులదానితో లాగినా ఇప్పుడు పడుతున్న గుంటే పడుతుంది, కాకపోతే ఇంకాస్త లోతుగా.

నేను పాత ఫర్నిచర్ బాగుచేస్తాను. సగం పని మేకులు పెకలించడం, మిగతా సగం అంతకుముందు ఎవరో పెకలించి వదిలేసిన గుంటలు పూడ్చడం. అందుకే ఈ విషయంలో కాస్త చాదస్తం ఎక్కువ, ఓపిగ్గా చదవండి.

ఇంట్లో ఒక్కటే సుత్తి ఉండాలంటే 16 ఔన్సుల క్లా హ్యామర్, అంటే వెనక కొమ్ములున్న సుత్తి, తీసుకోండి. సుమారు 450 గ్రాములు. సుత్తి మీద రాసే బరువు బుర్రది మాత్రమే, పిడి కలపరు. 20 ఔన్సులది 570 గ్రాముల దాకా ఉంటుంది, పెద్ద దూలాలు, చట్రాలు బిగించే వాళ్ల పనిముట్టు అది. వాళ్ల చేతికి అలవాటు. మనలాంటి వాళ్లు దాన్ని పట్టుకుంటే కాసేపటికే మణికట్టు లాగేస్తుంది, దెబ్బ గురి తప్పుతుంది. దెబ్బలో ఉండే శక్తి బరువుతో పెరిగే మాట నిజమే, వేగంతో అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపు, వేగం రెట్టింపైతే నాలుగింతలు. విసరలేని బరువు ఎందుకు మరి? అరలకి వెనక పల్చటి షీటు కొట్టే చిన్న మేకులకి మాత్రం 8 ఔన్సుల చిన్న సుత్తి హాయిగా ఉంటుంది. అది తర్వాతైనా కొనుక్కోవచ్చు.

కొనేటప్పుడు బరువు కన్నా ముందు కొమ్ములు చూడండి. సన్న మేకు ఒకటి జేబులో వేసుకెళ్లి ఆ సందులో పెట్టి చూడండి. సందు లోపలికి వెళ్లే కొద్దీ సన్నబడి, చివర పదునైన కోణంలో ముగియాలి. లోపలి అంచులు ఏటవాలుగా చెక్కి ఉండాలి, అప్పుడే మేకు ఒంటిని కరిచిపట్టుకుంటాయి. సందు చివర గుండ్రంగా, అంచులు మొద్దుగా ఉంటే ఆ కొమ్ములు పేరుకే. మీ సుత్తికి ఉన్న జబ్బు అదే. పోత ఇనుముతో చేసిన చవక రకాల జోలికి వెళ్లొద్దు, గట్టిగా మీటితే కొమ్ము పుటుక్కుమంటుంది. కాల్చి సాగగొట్టిన ఉక్కు కావాలి, ఫోర్జ్‌డ్ అని రాసి ఉంటుంది.

కొమ్ముల్లో మళ్లీ రెండు రకాలు. బాగా వంపు తిరిగినవి మేకులు లాగడానికి. దాదాపు తిన్నగా ఉండేవి రెండు పలకల మధ్య దూర్చి విడదీయడానికి. మీ పనికి వంపుదే. సుత్తి మొహం నున్నగా, మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉన్నది చూడండి. గళ్లుగళ్లుగా గరుగ్గా ఉండే మొహం మేకు జారకుండా పట్టుకుంటుంది గానీ, చెక్క మీద ఆ గళ్లన్నీ అచ్చు వేస్తుంది. పుస్తకాల అర మీద ఆ ముద్రలు ఎవరికి కావాలి!

ఇక మేకు సంగతి. తుప్పు మేకుని తిన్నగా లాగొద్దు. ముందు లోపలికి ఒక చిన్న దెబ్బ వేయండి, వెంట్రుకవాసి కదిలితే చాలు. తుప్పుకి అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి, అందుకని మేకు చెక్కలో ఉబ్బి బిగుసుకుపోతుంది. ఆ పట్టు ఒకసారి విడితే తర్వాత లాగడం తేలిక. మీకు తలలు ఊడుతున్నది ఈ పట్టు విడిపించకుండా లాగడం వల్లే.

కొమ్ములు మేకు తల కిందకి దూరకపోతే పలకనే కాస్త లేపండి. రెండు పలకలు కలిసేచోట చదునైన ప్రై బార్, అంటే మీటడానికి వాడే ఇనప పట్టీ, దూర్చి పై పలకని అర అంగుళం పైకి మీటండి, మేకు కూడా దాంతోపాటు లేస్తుంది. తర్వాత మేకు పక్కన ఒక చెక్కముక్క పెట్టి పలకని మళ్లీ కిందకి కొట్టండి. పలక దిగుతుంది, మేకు తల పైనే ఉండిపోతుంది. పైమొహం మీద గీత కూడా పడదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే.

తల దొరికాక కొమ్ములు తగిలించి పిడిని వెనక్కి వంచండి. మొదట్లో, పిడి నిటారుగా ఉన్నప్పుడు, బుర్ర చెక్కని ఆనుకునే చోటు మేకుకి దగ్గరగా ఉంటుంది. బలం ఎక్కువ. పిడి వాలే కొద్దీ ఆ చోటు దూరం జరుగుతుంది, బలం తగ్గుతుంది, మేకు నిలువుగా రాకుండా వంగుతూ వస్తుంది. వంగిన మేకు బెజ్జాన్ని కోలగా సాగదీసి అంచున పేడు లేపుతుంది. మీ పలకలకి జరిగింది ఇదే. కాబట్టి మేకు అంగుళం లేవగానే ఆగండి. బుర్ర కింద చెక్క దిమ్మ పెట్టండి, లేచినంత మేర ఎత్తున్నది. మళ్లీ పిడి నిటారుగా మొదలవుతుంది, బలం తిరిగొస్తుంది, మేకు తిన్నగా వస్తుంది. పొడుగు మేకైతే ఇంకో దిమ్మ ఎక్కించండి. దిమ్మ వెడల్పుగా ఉంటే ఒత్తిడి పరుచుకుంటుంది, గుంట పడదు. మొదటి మీటుకి కూడా బుర్ర కింద పల్చటి ప్లైవుడ్ ముక్కో రేకో ఉంచండి. ఇంత చిన్న పనికి చాలామంది బద్ధకిస్తారు, తర్వాత గంటలు గంటలు కూర్చుని గుంటలు పూడుస్తారు.

తల ఊడిపోయిన మేకు కొంచెమైనా బయట ఉంటే ఒంటినే పట్టుకోవచ్చు. కొమ్ముల సందుని చెక్క మట్టానికి ఆనించి మేకు ఒంటిలోకి గట్టిగా నెట్టి, సుత్తిని వెనక్కి కాకుండా పక్కకి వాల్చండి. అంచులు మేకుని కరుచుకుని అర అంగుళం లేపుతాయి. మళ్లీ కిందకి దించి, ఈసారి రెండో పక్కకి. లేదంటే పటకారు తీసుకోండి, గుండ్రటి దవడలున్నది. పట్టుకుని పైకి లాగడం కాదు, దవడ వంపు మీద దొర్లించాలి. దొర్లించేది చెక్క పోగు పొడవునా ఉండాలి, అడ్డంగా దొర్లిస్తే పలక చీలే ప్రమాదం.

తల సన్నగా ఉండే ఫినిషింగ్ మేకులని పైనుంచి ముట్టుకోనే వద్దు. పలకలు విడదీశాక మొన వెనక్కి పొడుచుకొచ్చి ఉంటుంది కదా, అక్కడ పటకారుతో పట్టుకుని వెనక నుంచే లాగేయండి. చిన్న తల చెక్కలోంచి దూసుకుని వచ్చేస్తుంది, పైన చిన్న బెజ్జం తప్ప ఏమీ మిగలదు. పైనుంచి లాగితే ఆ తల చుట్టూ ఉన్న చెక్కని కూడా పీక్కుని వస్తుంది.

ఒక జాగ్రత్త. కొమ్ములు మేకు తల కిందకి దూరకపోతే ఆ సుత్తి మొహం మీద ఇంకో సుత్తితో కొడతారు చాలామంది. ఆ పని చేయొద్దు. రెండు మొహాలూ గట్టిపరిచిన ఉక్కు, ఒకదాన్నొకటి తాకితే ముక్క ఎగురుతుంది, కంట్లో పడితే కన్ను పోతుంది. చెక్క సుత్తితో కొట్టండి. లేదా తల చుట్టూ తవ్వి పట్టుకునే క్యాట్స్ పా అనే పనిముట్టు ఉంది, దాన్ని వాడండి. అది చుట్టూ చెక్కని తినేస్తుంది కాబట్టి కనిపించని వైపు మాత్రమే. ఏ పద్ధతైనా కళ్లద్దాలు మాత్రం పెట్టుకునే చేయండి.

గట్టిదెబ్బ:

పాతచెక్క గారూ, దిమ్మ సంగతి ఒప్పుకుంటున్నా. పిడి దగ్గర మాత్రం నాది నాదే. చెక్క పిడి అంటే ఏడాదికోసారి బుర్ర ఊగడం, బిగించుకోవడం. ఆ టెన్షన్ ఎందుకు? నీళ్లలో నానబెట్టడం మా ఇంట్లో అందరూ చేసేదే, పని చేస్తుంది కూడా.

పాతచెక్క:

పని చేస్తుంది, ఆరేదాకా. నీళ్లకి చెక్క ఉబ్బుతుంది కానీ ఇనప బెజ్జంలో ఉబ్బడానికి చోటుండదు, కాబట్టి పోగులు నలిగిపోతాయి. ఆరాక చెక్క ముందుకన్నా సన్నబడుతుంది, బుర్ర ఇంకా వదులవుతుంది. మళ్లీ నానబెడతారు, మళ్లీ నలుగుతుంది. విసురుతుండగా ఒకరోజు బుర్ర ఎగిరిపోతుంది.

ఊగుతున్న బుర్రకి చేయాల్సింది వేరు. సుత్తిని బుర్ర కిందకి వేలాడేలా గాల్లో పట్టుకుని, పిడి అడుగు మీద చెక్క సుత్తితో కొట్టండి. నేలకి ఆనించొద్దు. బుర్ర బరువుకి ఉన్నచోటే ఉంటుంది, పిడి దాంట్లోకి దిగుతుంది. చూడ్డానికి తిరగేసి చేస్తున్నట్టు ఉంటుంది గానీ భలే బిగుస్తుంది. తర్వాత బుర్ర పైన కనిపించే పిడి చివర బిగించిన ఇనప ముక్కని లోపలికి దించండి, ఊడిపోయి ఉంటే కొత్తది కొట్టండి. బయటకి కనిపించే చెక్క చివరకి అవిసె నూనె పట్టించండి, తొందరగా ఎండదు. నూనె గుడ్డని మాత్రం ఉండ చుట్టి మూలన పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టి పారేయండి.

ఫైబర్ పిడి చెడ్డదని నేననను. మీటేటప్పుడు విరగదు, అది దాని గొప్ప. బుర్రా పిడీ ఒకే ఉక్కు ముక్కగా ఉండేది ఇంకా మొండిది, అయితే దెబ్బ అదురు చేతికి బాగా తెలుస్తుంది. చెక్క పిడి ఆ అదురుని మింగేస్తుంది. నేను కొట్టడానికి చెక్క పిడిదే వాడతాను, గట్టి మేకులు మీటడానికి పొడుగు ప్రై బార్ తీసుకుంటాను. చెక్క పిడి మీద ఒళ్లంతా వేసి మీటితే బుర్ర కిందే పటుక్కున విరుగుతుంది, దాని పని అది కాదు.

రంపపుపొట్టు:

ప్యాలెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతా. నేను చేసేదంతా ప్యాలెట్ చెక్కతోనే.

అవి ఎందుకు కదలడం లేదంటే, ఆ మేకుల ఒళ్లు నున్నగా ఉండదు. మెలికలు తిరిగో, చుట్టూ గాళ్లు పడో ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ బండి ఫోర్కులతో ఎత్తి దింపుతుంటే పలకలు ఊడకూడదని అలా చేస్తారు. వాటిని లాగి గెలవాలని చూడొద్దు, కోసేయండి. పలకకి, కింది దుంగకి మధ్య సన్నటి చెక్క చీలిక దూర్చి కొద్దిగా సందు చేయండి. ఇనుము కోసే హ్యాక్‌సా బ్లేడు ఆ సందులో దూరుతుంది. చేత్తో అయితే బ్లేడుకి ఒక చివర మందంగా గుడ్డ చుట్టి పట్టుకోవాలి, నిదానంగా అవుతుంది. రెసిప్రొకేటింగ్ సా (బ్లేడు ముందుకీ వెనక్కీ ఆడే మెషిన్ రంపం) ఉంటే ఇనుముని కోసే బైమెటల్ బ్లేడు వేసుకుని చకచకా కోసేయొచ్చు. పలకలో మిగిలిన ముక్కని వెనక నుంచి పంచ్ (మొద్దు మొన ఉన్న ఇనప పుల్ల) పెట్టి ఒక దెబ్బ వేస్తే తలతో సహా పైకి లేస్తుంది, అప్పుడు కొమ్ములకి అందుతుంది. తలలు అలాగే వదిలేసినా కొందరికి ఆ అందమే ఇష్టం. నాకూ.

ఇంకో ముఖ్యమైన మాట. ప్యాలెట్ మీద కాల్చిన ముద్ర ఉందేమో చూడండి. దేశాల మధ్య తిరిగే చెక్కకి ఐఎస్‌పీఎం 15 అనే నియమం ఉంది, చెక్కతో పాటు పురుగులు ప్రయాణం చేయకుండా. ఆ ముద్రలో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసిందని అర్థం, చెక్క లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్‌లో కనీసం 30 నిమిషాలు. అది ఇంట్లో వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని, దాన్ని ఇంట్లోకి తేవద్దు. ముద్ర ఏదైనా, నూనె మరకలో ఘాటు వాసనో ఉంటే వదిలేయండి, ఏం మోసి తెచ్చిందో మనకేం తెలుసు.

చిన్నబల్ల:

అందరికీ చాలా థాంక్స్. ప్యాలెట్ల మీద హెచ్‌టీ ముద్రే ఉంది, బతికాను. 16 ఔన్సులది వంపు కొమ్ములతో తెచ్చుకున్నాను, పాతచెక్క గారు చెప్పినట్టే మేకు పెట్టి చూసి మరీ. పలకని లేపి తిరిగి కొట్టే చిట్కా అద్భుతం, తలలు వాటంతటవే పైకి నిలబడుతున్నాయి. దిమ్మ పెట్టాక గుంటలూ లేవు.

ఇంకో మూడు సందేహాలు. చెక్కలో పూర్తిగా దిగిపోయిన తల లేని మేకులని ఏం చేయాలి? కొన్ని మేకుల చుట్టూ చెక్క నల్లగా అయిపోయింది, అది కుళ్లా? బెజ్జాలు పూడ్చడానికి రంపపు పొట్టు, జిగురు కలిపి పెడితే సరిపోతుందా?

పాతచెక్క:

లోపలే ఉండిపోయినవి, పలక వెనక మొన కనిపిస్తుంటే మొన మీద పంచ్ పెట్టి వెనక్కి కొట్టండి. రెండు వైపులా కనిపించకపోతే, కోత దారిలో లేకపోతే, ఉండనివ్వండి. పంచ్‌తో ఇంకాస్త లోతుకి దించి పైన పూడ్చేయండి. ఒక్క మేకు కోసం అంగుళం చెక్క తవ్వడం దండగ.

నలుపు కుళ్లు కాదు. కొన్ని చెక్కల్లో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, తడి తగిలినప్పుడు ఇనుముతో కలిసి నల్లటి రంగు దిగుతుంది. గోటితో గుచ్చి చూడండి, గట్టిగా ఉంటే పర్లేదు. పోవాలంటే ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లలో కలిపి పూస్తారు, బాగానే పోతుంది. అది విషం, పొడి పీలిస్తే ప్రమాదం. చేతి తొడుగులు, ముక్కుకి మాస్క్ పెట్టుకోండి, తర్వాత నీళ్లతో బాగా కడగండి. నేనైతే కనిపించని వైపు మరకల జోలికి పోను.

పొట్టు, జిగురు వద్దు. జిగురు మీద పాలిష్ ఎక్కదు, ముదురు మచ్చలా తేలి కనిపిస్తుంది. అదే చెక్కలోంచి సన్న పుల్ల చెక్కి, జిగురు రాసి బెజ్జంలో కొట్టి, ఆరాక మట్టానికి కోసేయండి. చిన్న బెజ్జాలకి పళ్లు కుట్టుకునే పుల్ల చాలు. మళ్లీ అక్కడే మేకు కొట్టాల్సి వస్తే పుల్ల పెట్టిన చోట పట్టు కూడా దొరుకుతుంది.

చిత్రిక పట్టేముందు పలక రెండువైపులా గట్టి అయస్కాంతం పాకించండి. సుద్దముక్క చేతిలో ఉంచుకుని, అది అతుక్కున్న ప్రతిచోటా గుర్తు పెట్టండి. కంటికి కనిపించని ముక్క ఒక్కటున్నా చిత్రిక కత్తికి గాటు పడుతుంది, మెషిన్ రంపమైతే పన్ను ఎగురుతుంది.

గట్టిదెబ్బ:

తీసిన మేకులు నేల మీద పడేయకు బ్రదర్, డబ్బాలో వేయి. మొనలు పైకి ఉన్న పలకలు కూడా అలా పరిచి ఉంచకు, మొనలు వెంటనే వంచేయి. గుచ్చుకుంటే తుప్పు మేకా కొత్త మేకా అని చూడకు. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలో దుమ్ములో ఉండే బాక్టీరియా వల్ల వస్తుంది, లోతుగా దిగిన గాయం దానికి అనుకూలం. సబ్బు నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లు. చివరి టీకా వేయించుకుని 5 ఏళ్లు దాటితే మళ్లీ వేస్తారు.

చిన్నబల్ల:

డబ్బా పెట్టేశాను అన్నా. పాతచెక్క గారూ, తీసిన మేకుల్లో కొన్ని తిన్నగానే ఉన్నాయి. మళ్లీ వాడొచ్చా?

పాతచెక్క:

అరలకి వద్దు. ఒకసారి వంగి తిన్నగా చేసిన మేకు రెండో దెబ్బకి అక్కడే మళ్లీ వంగుతుంది, తుప్పు పట్టినదైతే విరుగుతుంది. కొత్తవి తీసుకోండి, పైన బిగించే పలక మందానికి మూడింతల పొడవున్నవి. ముప్పావు అంగుళం పలకకి రెండుంపావు అంగుళాల మేకు. పాతవాటిలో బాగున్నవి తాత్కాలికంగా ఏదైనా నిలబెట్టుకోవడానికి ఉంచుకోండి, తలలు పైకి వదిలి కొడితే తీసేటప్పుడు కొమ్ములకి అందుతాయి.